నలభై తుపాకుల దీవి – సార్క్ దొరతనం కథ

ఈ వారం చరిత్ర ముచ్చట్లలో మీకు ఒక చిన్న దీవి కథ చెబుతాను. పిల్లలు కూడా వింటున్నారు కాబట్టి, అర్థం కానిచోట పెద్దవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

జమీందారు అనగానే మనలో చాలామందికి ఎన్టీవోడి పాత సినిమాలో, తాతగారు చెప్పిన దివాణం కబుర్లో గుర్తొస్తాయి. కోస్తా వాళ్ళకి బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, వెంకటగిరి. తెలంగాణ వాళ్ళకి జాగీర్దార్లు, గడీలు. "దొర" అన్న మాట కొందరికి గౌరవం, కొందరికి చేదు జ్ఞాపకం. ఏదైతేనేం, 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీలను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. 1949లో హైదరాబాదులో జాగీర్లు రద్దయ్యాయి. ఆ కాగితాల లెక్క తేలడానికి కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారనుకోండి, అది వేరే సంగతి. మొత్తానికి మనవైపు ఆ వ్యవహారం మన తాతల నాడే ముగిసింది.

మరి మనం ఉంటున్న ఈ బ్రిటన్ పక్కనే, 2008 దాకా ఒక దీవిలో దొరగారు, ఆయన కింద 40 మంది భూస్వాములు కూర్చుని చట్టాలు చేసేవారంటే నమ్ముతారా? ఆ దొర పదవి ఇవాళ్టికీ ఉంది. దీవి పేరు సార్క్. దొరగారిని అక్కడ ఫ్రెంచి మాటతో "సీన్యోర్" అంటారు. ఆడవారైతే "డేమ్".

సార్క్ ఎక్కడుందో ముందు చెప్పుకుందాం. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న సముద్రంలో, ఫ్రాన్సు తీరానికి దగ్గరగా కొన్ని దీవులున్నాయి. వాటిని చానెల్ దీవులంటారు. పెద్దవి జెర్సీ, గర్న్‌సీ. మనవాళ్ళలో బ్యాంకు ఉద్యోగాల వాళ్ళకి ఆ పేర్లు బాగా తెలుసు. గర్న్‌సీ నుంచి పడవెక్కితే గంటలోపే సార్క్ చేరుకోవచ్చు. దీవి పొడవు మూడు మైళ్ళు, వెడల్పు మైలున్నర. చుట్టూ నిటారుగా కొండ చరియలు, పైన చదును నేల. ఉండే జనం ఐదారు వందలు. మన పల్లెటూళ్ళలో ఒక పెద్ద వీధి జనాభా అంత. కార్లు లేవు, నిషేధం. సైకిలు, గుర్రబ్బండి, ట్రాక్టరు, అంతే. వీధి దీపాలు కూడా లేవు. అందుకే 2011లో చీకటి ఆకాశం ఉన్న దీవిగా దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. రాత్రిపూట నక్షత్రాలు మన చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసినట్టే కనిపిస్తాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. సార్క్ బ్రిటన్ రాజుగారిదే గానీ, బ్రిటన్ దేశంలో భాగం కాదు. ఇదెలా కుదిరిందంటే, పదో శతాబ్దంలో ఈ దీవులు ఫ్రాన్సులోని నార్మండీ డ్యూకుల చేతికి వచ్చాయి. 1066లో ఆ డ్యూకుల్లో ఒకరైన విలియం ఇంగ్లండు మీద దండెత్తి రాజయ్యాడు. 1204లో ఇంగ్లండు రాజు జాన్ నార్మండీ గడ్డను ఫ్రాన్సుకు పోగొట్టుకున్నాడు. దీవులు మాత్రం అతని దగ్గరే మిగిలాయి. అందుకే ఆ దీవుల వాళ్ళు ఇప్పటికీ విందుల్లో రాజుగారి పేరు తలచేటప్పుడు "మన డ్యూక్" అని చేరుస్తారు. ఇంగ్లండు మమ్మల్ని గెలవలేదు, మేమే ఇంగ్లండును గెలిచిన వాళ్ళమని సరదాగా అంటుంటారు. వాళ్ళ చట్టాలకు మూలం ఇంగ్లీషు చట్టం కాదు, పాత నార్మన్ ఆచారం. అక్కడి పెద్దవాళ్ళ భాష కూడా నార్మన్ ఫ్రెంచి యాసే. ఇప్పుడది మాట్లాడేవాళ్ళు చాలా కొద్దిమందే మిగిలారు.

ఇక దొరతనం ఎలా పుట్టిందో చూద్దాం. పదహారో శతాబ్దం మధ్యనాటికి సార్క్‌లో కాపురాలు లేవు. 1549లో ఫ్రెంచివాళ్ళు వచ్చి దిగి కోటలు కట్టుకున్నారు. కొన్నేళ్ళకి వాళ్ళూ పోయారు. దిక్కులేని దీవి అంటే సముద్రపు దొంగలకు పండగే. పక్కనున్న గర్న్‌సీ, జెర్సీ వర్తకుల ఓడలకు అదొక పెద్ద బెడద. ఫ్రెంచివాళ్ళు మళ్ళీ రారన్న నమ్మకమూ లేదు. అలాంటి సమయంలో జెర్సీలో సెంటువాన్ అనే ఊరికి దొరగా ఉన్న హెలియర్ డి కార్టరే అనే ఆయన ముందుకొచ్చాడు. 1565లో మొదటి ఎలిజబెత్ రాణి ఆయనకు సార్క్ దీవిని రాసిచ్చింది.

అయితే ఊరికే ఇవ్వలేదు. షరతేమిటంటే, దీవిలో ఎప్పుడూ కనీసం 40 మంది మగవాళ్ళు తుపాకులతో ఉండి కాపలా కాయాలి. ఏటా రాణిగారికి కట్టాల్సిన కప్పం మాత్రం నామమాత్రం. ఆనాటి లెక్కలో ఒక నైటు దొర భూమికి కట్టే దానిలో ఇరవయ్యో వంతు. ఇప్పటి లెక్కలో అది ఒక పౌండూ 79 పెన్నీలు. సార్క్ దొరగారు ఆ పౌండూ డెబ్బై తొమ్మిది పెన్నీలే ఏటా కడుతూ వచ్చారు. లండన్‌లో ఇవాళ ఆ డబ్బుకి ఒక కప్పు కాఫీ కూడా రాదు. మన జమీందార్లకు 1802లో కుంపిణీ వాళ్ళు శాశ్వత శిస్తు కట్టారే, ఆ పేష్కషు మోతతో పోలిస్తే ఇది కానీ లెక్కలోకి రాదు. రాణికి కావలసింది డబ్బు కాదు, కాపలా.

హెలియర్ తెలివైనవాడు. దీవిని 40 ముక్కలు చేశాడు. ఒక్కో ముక్కను ఒక్కో కుటుంబానికి ఇచ్చాడు. వాళ్ళలో ఎక్కువమంది ఆయన ఊరివాళ్ళు, జెర్సీ వాళ్ళు. కొందరు గర్న్‌సీ వాళ్ళు. ఒక్కో కుటుంబం ఇల్లు కట్టుకోవాలి, ఒక తుపాకీ మనిషిని సిద్ధంగా ఉంచాలి. ఈ 40 కమతాలనే అక్కడ "టెనెమెంట్లు" అంటారు. ఈ కమతదారులంతా దొరతో కలిసి కూర్చుని తగవులు తీర్చుకునే సభకు "చీఫ్ ప్లీస్" అని పేరు. మన రచ్చబండ లాంటిది, కాకపోతే రచ్చబండ దగ్గర ఎవరైనా నిలబడొచ్చు, ఇక్కడ కమతం ఉన్నవాడికే కుర్చీ. 1571లో దొరగారు గాలిమర కట్టించారు. అది దీవిలో అన్నిటికంటే ఎత్తైన చోట ఇప్పటికీ ఉంది. పిండి మర హక్కు దొరదే. వేరొకరు మర పెట్టడానికి వీల్లేదు.

నలభై ముక్కలు చేయడం ఒక ఎత్తు, అవి నలభైగానే ఉండేలా చూడటం ఇంకో ఎత్తు. తండ్రి పోయాక నలుగురు కొడుకులు పంచుకుంటే, రెండు మూడు తరాలకు తుపాకీ మనిషిని పోషించే స్తోమత ఏ ఇంటికీ మిగలదు. ఈ భయంతోనే 1611లో జేమ్స్ రాజు ఇంకో ఫర్మానా పంపాడు. కమతాలను పంచడానికి వీల్లేదు, ఒకరి నుంచి ఒకరికే పోవాలి అని. దాంతో పెద్దకొడుక్కే ఆస్తి అన్న పద్ధతి గట్టిపడింది. కొడుకులు లేకపోతేనే కూతురికి. మరి మిగతా పిల్లలు? కూలికి పోవాలి, పడవెక్కాలి, లేదా అన్నగారి పంచన ఉండాలి. ఇది మనకు కొత్త కాదు. మన జమీందారీల్లోనూ కొన్నిటిలో పంపకాలు లేవు, జ్యేష్ఠుడికే గద్దె. దానికోసం మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టమే చేసింది. తమ్ముళ్ళకు మనోవర్తి, అన్నకు సంస్థానం. ఎస్టేటు నిలిచింది గానీ అన్నదమ్ముల మధ్య ఎన్ని దావాలు నడిచాయో ఆ కాలపు కోర్టు తీర్పులు తిరగేస్తే తెలుస్తుంది.

సార్క్ దొరగారి హక్కులు వింటే పిల్లలకు నవ్వొస్తుంది. దీవిలో పావురాలు పెంచే హక్కు ఒక్క దొరగారికే ఉండేది. నవ్వుకోండి గానీ, వెనకాల అర్థం చూడండి. పావురాలు దొరవి, అవి తినే గింజలు రైతువి! ఆడకుక్కను పిల్లలు పెట్టగలిగే స్థితిలో ఉంచుకునే హక్కు కూడా ఆయనకే. గొర్రెల మీద పడే కుక్కలు పెరిగిపోకుండా అలా పెట్టారంటారు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన వస్తువులు దొరవి. అన్నిటికంటే బరువైనది "త్రెజియెమ్". అంటే పదమూడో వంతు. దీవిలో ఎవరు ఆస్తి అమ్మినా ధరలో పదమూడో వంతు దొరగారికి చెల్లించాల్సి వచ్చేది. పైగా అమ్మకానికి ఆయన అనుమతీ కావాల్సి వచ్చేది.

సామాన్యుడికి మాత్రం ఏ రక్షణా లేదా అంటే, ఒకటుంది, చాలా చిత్రమైనది. దాని పేరు "క్లామూర్ ద హారో". పొరుగువాడు మీ స్థలంలోకి వచ్చి గోడ కడుతున్నాడనుకోండి. లాయరు అక్కరలేదు. ఇద్దరు సాక్షుల ముందు, టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, "హారో" అని మూడుసార్లు అరిచి, ప్రభూ నన్ను ఆదుకో, నాకు అన్యాయం జరుగుతోంది అని ఫ్రెంచిలో మొరపెట్టుకోవాలి. తర్వాత క్రైస్తవ ప్రార్థన ఒకటి ఫ్రెంచిలోనే చదవాలి. అంతే, ఆ క్షణం నుంచి గోడ పని ఆగిపోవాల్సిందే. కోర్టు తేల్చేదాకా ఇటుక కదలకూడదు. 1970లో సార్క్‌లో ఒక తోట గోడ విషయంలో ఇలా ఒకరు మొరపెట్టుకున్నారు. మనవైపు ఇంజంక్షన్ ఆర్డరు కోసం తిరిగిన వాళ్ళకు ఇది విని ఈర్ష్య పుట్టక మానదు.

ఇంతకీ దొరతనం ఎప్పుడూ ఒకే వంశంలో ఉందా అంటే, లేదు. అది కొనుక్కోగలిగే వస్తువు. డి కార్టరేలు అప్పుల్లో పడి 1720లో అమ్మేశారు. ఇద్దరు చేతులు మారాక 1730లో సుజాన్ లె పెలీ అనే ఆవిడ కొన్నది. ఆ వంశంవాళ్ళు శతాబ్దం పైన ఏలారు. వాళ్ళ పతనానికి కారణం వెండి. 1830లలో దీవి దక్షిణ భాగంలో వెండి గని తవ్వడం మొదలుపెట్టారు. కార్న్‌వాల్ నుంచి పనివాళ్ళను రప్పించారు. పెట్టిన డబ్బు నేలలోకి పోయింది గానీ చాలినంత వెండి పైకి రాలేదు. గనికోసం దీవినే తాకట్టు పెట్టారు! 1847కి గని మూతపడింది. అప్పు తీరలేదు. అప్పిచ్చిన ధనవంతుడి కూతురు మేరీ కాలింగ్స్ 1852లో దొరతనాన్ని కొనేసింది. ఇప్పటి దొరగారి వంశం అదే. కొడుకులకే ఆస్తి అన్న దీవిని ఆడవాళ్ళు ఒకసారి కాదు, మూడుసార్లు ఏలారు. మూడో ఆవిడ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆవిడ పేరు సిబిల్ హాథవే. 1884లో పుట్టింది. తండ్రికి కొడుకులు లేరు, అందుచేత 1927లో ఆవిడ డేమ్ అయింది. మొదటి భర్త 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో పోయాడు. 1929లో రాబర్ట్ హాథవే అనే అమెరికాలో పుట్టినాయన్ని పెళ్ళాడింది. అప్పటి చట్టం ప్రకారం పెళ్ళవగానే సీన్యోర్ హోదా భర్తకూ వచ్చింది. అయినా పెత్తనం మాత్రం ఆవిడదేనని దీవిలో అందరికీ తెలుసు.

1940 జూన్‌లో ఫ్రాన్సు పడిపోయింది. చానెల్ దీవులను కాపాడలేమని బ్రిటన్ సైన్యాన్ని వెనక్కి తీసుకుంది. గర్న్‌సీ జనంలో దాదాపు సగం మంది ఇంగ్లండుకు పడవలెక్కారు. సార్క్‌లో మాత్రం సిబిల్ జనాన్ని పోగుచేసి, తాను కదలనని చెప్పింది. దీవి వాళ్ళలో అత్యధికులు ఆవిడతోపాటే ఉండిపోయారు. జులై మొదట్లో జర్మన్ అధికారులు దిగారు. ఆవిడ వాళ్ళను ఎదురేగి స్వాగతించలేదు. తన ఇంట్లో పెద్ద గదికి ఆ చివర కుర్చీలో కూర్చుంది, వాళ్ళే గది పొడవునా నడిచి దగ్గరకు రావాలన్నమాట. ఆవిడకు జర్మన్ బాగా వచ్చు. మొదటి మాటల్లోనే ఆ సంగతి వాళ్ళకు తెలిసేలా చేసింది. నడుంకట్టడానికి తుపాకులు లేనప్పుడు మర్యాదనే ఆయుధంగా వాడింది.

కానీ దీన్ని సినిమా కథలా చెప్పుకోకూడదు. 1942 అక్టోబరు 3 రాత్రి బ్రిటిష్ కమాండోలు పన్నెండు మంది సార్క్ మీద దాడి చేశారు. కొందరు జర్మన్లను పట్టుకుని చేతులు కట్టేశారు. పారిపోబోయిన వాళ్ళు చనిపోయారు. ఒకణ్ణి ఇంగ్లండుకు తీసుకుపోయారు. చేతులు కట్టిన ఖైదీలను చంపారని హిట్లర్ మండిపడి, ఆ నెల 18న, ఇకమీద పట్టుబడిన కమాండోలందరినీ చంపేయమని రహస్య ఆజ్ఞ ఇచ్చాడు. ఈ ఒక్క దాడి వల్లే కాకపోయినా, ఆ ఆజ్ఞ వెనక సార్క్ దాడికి పెద్ద పాత్ర ఉంది. దానివల్ల ఐరోపా అంతటా ఎందరో సైనికుల ప్రాణాలు పోయాయి. దీవి వాళ్ళకూ శిక్ష పడింది. 1943 ఫిబ్రవరిలో పలువురిని జర్మనీ క్యాంపులకు తరలించారు. వాళ్ళలో డేమ్ భర్త రాబర్ట్ కూడా ఉన్నాడు. యుద్ధం ముగిసేదాకా ఆయన అక్కడే. ఆవిడ పెద్దకొడుకు అంతకుముందే, 1941లో లివర్‌పూల్ మీద జరిగిన బాంబు దాడిలో పోయాడు. ఒంటరిగా ఉండి, ఆకలితో అలమటిస్తున్న జనానికి తిండి గింజల కోసం శత్రువుతో రోజూ బేరమాడిన మనిషి ఆవిడ.

1945 మే 10న సార్క్‌కు విముక్తి వచ్చింది. వచ్చిన బ్రిటిష్ అధికారి దగ్గర కాపలాకి చాలినంత సైన్యం లేదు. కొన్ని రోజులపాటు 275 మంది జర్మన్ సైనికుల బాధ్యత అరవై దాటిన ఆ పెద్దావిడ చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆవిడ వాళ్ళకు పనులు పురమాయించింది. లాక్కుపోయిన రేడియోలు తిరిగి ఇవ్వమంది, పాతిన మందుపాతరలు తీయమంది. వాళ్ళు తీశారు. అదే ఏడాది, సార్క్ రెండు భాగాలనూ కలిపే లా కూపే అనే ఇరుకు దారి మీద సిమెంటు రోడ్డు వేసింది కూడా జర్మన్ యుద్ధఖైదీలే. ఆ దారి మూడు మీటర్ల వెడల్పు, రెండు పక్కలా 80 మీటర్ల లోతు. 1900 దాకా దానికి కటకటాలు కూడా లేవు. గాలి గట్టిగా వీచే రోజుల్లో బడికెళ్ళే పిల్లలు పాకుతూ దాటేవారట. ఇప్పుడు వెళ్ళిన వాళ్ళు ఫోటోలు తీసుకునేది అక్కడే.

1974లో, తొంభయ్యేళ్ళ వయసులో డేమ్ సిబిల్ కన్నుమూసింది. మనవడు మైకేల్ బోమాంట్ సీన్యోర్ అయ్యాడు. ఆయన విమానాల ఇంజనీరు. నెమ్మదైన మనిషి. ఆయన కాలంలోనే అసలు తుఫాను వచ్చింది.

సార్క్ పక్కనే బ్రెకూ అనే ఇంకా చిన్న దీవి ఉంది. అదీ సార్క్ దొరతనంలో ఒక కమతమే. 1993లో డేవిడ్, ఫ్రెడరిక్ బార్క్లే అనే కవల సోదరులు దాన్ని సుమారు 23 లక్షల పౌండ్లకు కొన్నారు. లండన్‌లో రిట్జ్ హోటలు, తర్వాత టెలిగ్రాఫ్ పత్రిక కొన్నది వీళ్ళే. పదమూడో వంతు కింద సుమారు 1,79,000 పౌండ్లు సీన్యోర్‌కు చెల్లించారు. దీవి మీద పెద్ద కోట కట్టుకున్నారు. తర్వాత వాళ్ళకు ఇక్కడి ఆస్తి చట్టం అడ్డొచ్చింది. నలుగురు పిల్లలకూ సమానంగా ఇవ్వాలనుకుంటే, పెద్దకొడుక్కే పోవాలంటోంది చట్టం. వాళ్ళు పోరాటం మొదలుపెట్టారు. 1999లో సార్క్ సభ చట్టం మార్చింది. అప్పటినుంచి కొడుకైనా కూతురైనా, ఇష్టమైన వారసుడికి ఇవ్వొచ్చు. కానీ పంచడానికి మాత్రం వీల్లేదు.

ఇక్కడ ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు ఇస్తూ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. సార్క్‌కు 1999. ఐరోపా అన్నీ ముందుగా చేసేసిందని మన పిల్లలు అనుకుంటే ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇంకో పెద్ద ప్రశ్న మిగిలింది. చట్టాలు చేసే చీఫ్ ప్లీస్‌లో 40 మంది కమతదారులు పుట్టుకతోనో కొనుగోలుతోనో సభ్యులు. 1922 నుంచి జనం ఎన్నుకునే 12 మందిని చేర్చారు. అంటే కమతం లేని వందలాది మందికి పన్నెండు గొంతులు, కమతం ఉన్న నలభై ఇళ్ళకు నలభై గొంతులు. సభాధ్యక్షుడైన "సెనెషల్"ని దొరగారే నియమించేవారు. ఆయనే దీవికి న్యాయమూర్తి కూడా. యూరోపు మానవ హక్కుల ఒప్పందం ముందు ఇవేవీ నిలబడేవి కావు. వచ్చే ముప్పు దీవి వాళ్ళకూ తెలుసు. ఆస్తి అమ్మకాల మీద దొరగారి పదమూడో వంతు 2006లో పోయింది. దాని బదులు ఆయనకు ఏటా 28,000 పౌండ్లు ఇచ్చేలా ఏర్పాటైంది. ఎన్నో వాదోపవాదాల తర్వాత, 2008 ఏప్రిల్‌లో సంస్కరణ చట్టానికి లండన్‌లో ఆమోదం వచ్చింది. 2008 డిసెంబరు 10న సార్క్‌లో మొట్టమొదటిసారి మొత్తం సభకు ఎన్నిక జరిగింది. 28 స్థానాలు. అందరికీ ఓటు. పావురాల హక్కూ, కుక్కల హక్కూ ఆ సంస్కరణలతో కొట్టుకుపోయాయి.

అసలు కథ ఆ మర్నాడు జరిగింది. అప్పటికి బార్క్లే సోదరులకు సార్క్‌లోనూ హోటళ్ళు, దుకాణాలు చాలా ఉన్నాయి. దీవిలో అందరికంటే పెద్ద యజమానులు వాళ్ళే. పాత పద్ధతి పోవాలని గట్టిగా కోరింది వాళ్ళే. తీరా ఎన్నికల్లో వాళ్ళు బలపరిచిన అభ్యర్థుల్లో ఎక్కువమంది ఓడిపోయారు. ఫలితాలు రాగానే వాళ్ళ తరఫున హోటళ్ళు, దుకాణాలు మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఆరువందల జనమున్న దీవిలో వందమందికి పైగా ఒక్కరోజులో పనిలేకుండా పోయారు, అదీ క్రిస్మస్ ముందు. కొంతకాలానికి కొన్ని మళ్ళీ తెరుచుకున్నాయనుకోండి. సోదరులు కోర్టుకూ వెళ్ళారు. కొత్త సభలో ఎన్నికకాని సీన్యోర్‌కు, సెనెషల్‌కు కుర్చీలెందుకని వాదించారు. 2009 డిసెంబరులో బ్రిటన్ సుప్రీం కోర్టు ఆ వాదనను కొట్టేసింది. అయితే న్యాయమూర్తే సభాధ్యక్షుడుగా ఉండకూడదని అంతకుముందే అప్పీలు కోర్టు చెప్పింది. దాంతో ఆ రెండు పదవులనూ తర్వాత విడదీశారు.

ఈ ఘట్టాన్ని చాలామంది "మంచి దొర, చెడ్డ కోటీశ్వరులు" అని చెబుతారు. నాకు అంత తేలిగ్గా అనిపించదు. కూతురికి వాటా ఉండాలన్న వాళ్ళ వాదనలో న్యాయం ఉంది. ఎన్నిక లేని సభ తప్పన్న మాటలోనూ న్యాయం ఉంది. న్యాయమైన మాట అన్నవాడు న్యాయంగానే నడుచుకుంటాడన్న హామీ మాత్రం లేదు. దీవి జనం పాత దొరను వద్దనలేదు, కొత్త దొరను రానివ్వలేదు. మొదటిసారి చేతికొచ్చిన ఓటుతో వాళ్ళు చెప్పింది ఇదేనని నేననుకుంటాను. 443 ఏళ్ళు నలభై ఇళ్ళకే దక్కిన గొంతు అందరికీ వచ్చిన రోజున, దాన్ని ఎవరికీ అప్పు ఇవ్వలేదు. దానికి ధర కూడా కట్టారు, ఉద్యోగాల రూపంలో.

మరి దొరతనం ఎందుకు అన్నేళ్ళు నిలిచింది? రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, దీవి చిన్నది. దొరగారు రోజూ ఎదురుపడతారు, సైకిలు మీద. ముఖాముఖి ఉన్నచోట అహంకారానికి కాస్త పగ్గం ఉంటుంది. మన గడీల దొరల వెట్టిచాకిరీ లాంటి మోత ఇక్కడ లేకపోవడానికి ఆ చిన్నతనం కూడా సాయపడి ఉంటుంది. రెండోది, ఇది ఇచ్చిపుచ్చుకోవడంగా మొదలైంది. నువ్వు నలభై మందిని నిలబెట్టు, నేను దీవిని ఇస్తాను. పై వాడికి కింద వాడు, కింద వాడికి పై వాడు బాకీ. మన జమీందారీల్లో చాలా చోట్ల చెరువులు పూడిపోతున్నా శిస్తు మాత్రం ఆగలేదు. రైతుకు తాను చేయాల్సింది మరిచి, రైతు ఇవ్వాల్సింది మాత్రం గుర్తుపెట్టుకున్న దొర ఎక్కడైనా నిలవడు.

ఇప్పటి సంగతి చెప్పి ముగిస్తాను. మైకేల్ బోమాంట్ 2016లో పోయారు. ఆయన కొడుకు, సైన్యంలో మేజరుగా పనిచేసిన క్రిస్టఫర్ బోమాంట్ సీన్యోర్ అయ్యారు. సభలో ఆయనకు చోటుంది, ఓటు లేదు. చీఫ్ ప్లీస్ సభ్యుల సంఖ్యను తర్వాత 18కి తగ్గించారు. ఐదారువందల మందిలో ఇరవై ఎనిమిది మందిని వెతకడం కష్టమే మరి. పుట్టుకతో వచ్చే పదవికి ఎప్పుడూ మనిషి దొరుకుతాడు, జీతం లేని ప్రజాసేవకు మనుషుల్ని వెతుక్కోవాలి. ఓటు హక్కు తెచ్చుకోవడంతో పని అయిపోదని సార్క్ వాళ్ళకు ఇప్పుడు బాగా తెలిసింది. కమతాలు పంచడానికి వీల్లేని పద్ధతి వల్ల, చాలామంది ఇళ్ళు ఏళ్ళ లెక్కన తీసుకున్న లీజులే. గడువు తగ్గేకొద్దీ ఇంటి విలువ తగ్గుతుంది. దొరతనంలో మిగిలిన ముల్లు అదే. ఇక్కడ లండన్‌లో లీజుహోల్డు ఫ్లాటు కొన్న మనవాళ్ళకు ఆ ముల్లు సంగతి విడిగా చెప్పనక్కరలేదు, మీ లీజు కాగితాల్లో గ్రౌండ్ రెంటు అన్న మాట ఎక్కడిదో ఒకసారి ఆలోచించండి.

వేసవి సెలవుల్లో గర్న్‌సీ వైపు వెళ్ళేవాళ్ళు ఒక పూట సార్క్‌కి పడవెక్కండి. పిల్లలకు సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. లా కూపే చూపించండి, 1856లో కట్టిన ఇద్దరు పట్టే జైలు చూపించండి. దొరగారి తోట కూడా చూడొచ్చు. ఇంటికొచ్చాక, వీలైతే, మీ అమ్మమ్మనో తాతయ్యనో ఫోనులో అడగండి, మన ఊరికి దొర ఎవరు, ఆయనకు మనవాళ్ళు ఏమిచ్చేవారు, ఆయన మనకు ఏమిచ్చాడు అని. ఆ చివరి ప్రశ్నకు వాళ్ళు చెప్పే జవాబు రాసిపెట్టుకోండి. అది ఏ పుస్తకంలోనూ దొరకదు.